పదకొండు రోజుల పాట

1953 ఆగస్టు. ఇటలీలోని మిలాన్ నగరం. ఆగస్టు వచ్చిందంటే అక్కడ జనం సెలవులకి వెళ్లిపోతారు. దుకాణాలు మూసేస్తారు. నాటకశాలలకి తాళాలు పడతాయి. ఆ ఏడాది మాత్రం ‘లా స్కాలా’ అనే ప్రఖ్యాత సంగీత నాటకశాలలో సందడి ఆగలేదు. ప్రేక్షకుల కుర్చీలన్నీ ఖాళీ. ఉన్నదల్లా ఆర్కెస్ట్రా, కోరస్, మైకులు, టేపు యంత్రాలు, నలుగురైదుగురు గాయకులు. చప్పట్లు కొట్టేవాడు ఒక్కడూ లేని ఆ హాల్లో టిటో గొబ్బి అనే గాయకుడు మొదటి అంకంలో తన భాగం పాడాడు. బాగానే వచ్చింది. మళ్లీ పాడమన్నారు. పాడాడు. మళ్లీ... మళ్లీ... అలా ముప్ఫై సార్లు!

అప్పటికే ఆయన పేరున్న గాయకుడు. వయసు నలభైకి దగ్గర. అయినా ఒక్కో అక్షరాన్ని ఎంత నొక్కాలి, ఎక్కడ తేలిక చెయ్యాలి అని పట్టుబట్టి పాడించారట. అలా తయారైందే పుచ్చీని రాసిన ‘టోస్కా’ ఆపెరా రికార్డు. డెబ్భై ఏళ్లు దాటిపోయినా, ఆ తర్వాత ఎన్ని టోస్కాలు వచ్చినా, ‘ముందు ఇది వినండి’ అని సంగీతం తెలిసినవాళ్లు చూపించేది ఇప్పటికీ దీన్నే.

నాకు ఇటాలియన్ రాదు. పాశ్చాత్య సంగీతంలో ఓనమాలు కూడా నేర్చుకోలేదు. పాత గ్రామఫోన్ ప్లేట్లు దాచుకునేవాళ్ల మీద ఒక కథనం రాస్తూ ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. పద్యనాటకాల సెట్లు, ఘంటసాల ప్లేట్ల మధ్య ఆయన దగ్గర ఈ రెండు ఎల్పీలు కనిపించాయి. ‘భాష తెలియకపోయినా పర్వాలేదు, రెండో అంకం విని వెళ్లమ్మా’ అన్నాడు. విన్నాను. కథనం రాసిచ్చేశాక కూడా ఆ గొంతు నన్ను వదల్లేదు.

పాటలోనే మాటంతా!

ఆపెరా అంటే పాటతోనే నడిచే నాటకం. మన పద్యనాటకంలో పద్యానికీ పద్యానికీ మధ్య వచనం ఉంటుంది. పుచ్చీని ఆపెరాలో దాదాపు ఆ వచనం కూడా పాటే. తలుపు తియ్యమనడం, కాగితం మీద సంతకం పెట్టడం, భోజనానికి కూర్చోవడం... అన్నీ సంగీతంలోనే. వెనక పెద్ద ఆర్కెస్ట్రా. నాటకశాలలో మైకుండదు. అన్ని వాద్యాల హోరునీ దాటుకుని గాయకుల గొంతు ఆఖరి వరుస దాకా వెళ్లాలి. అది అరుపులా ఉండకూడదు, పాటలాగే ఉండాలి. అదీ కష్టం.

విక్టోరియన్ సార్దూ అనే ఫ్రెంచి రచయిత 1887లో రాసిన నాటకం టోస్కాకి ఆధారం. పుచ్చీని చేతిలో అది ఆపెరాగా మారి 1900 జనవరి 14న రోమ్‌లో మొదటిసారి ప్రదర్శితమైంది. కథ జరిగేది కూడా రోమ్‌లోనే. 1800 జూన్‌లో, ఒక మధ్యాహ్నం మొదలై మర్నాడు తెల్లవారేసరికి ముగిసిపోతుంది.

కవరదోస్సి ఒక చిత్రకారుడు. చర్చిలో బొమ్మ వేస్తుంటాడు. జైలు నుంచి తప్పించుకొచ్చిన ఒక రాజకీయ ఖైదీకి ఆశ్రయం ఇస్తాడు. అతని ప్రియురాలు టోస్కా, పేరున్న గాయని. ప్రాణం పెట్టి ప్రేమిస్తుంది, అంతకంటే ఎక్కువగా అనుమానిస్తుంది. ఆ అనుమానాన్నే ఆయుధంగా వాడుకుంటాడు స్కార్పియా. ఊరంతా గడగడలాడే పోలీసు పెద్ద అతను. చిత్రకారుణ్ని పట్టుకొచ్చి పక్క గదిలో చిత్రహింస పెట్టిస్తాడు. ఆ కేకలు విని తట్టుకోలేక టోస్కా ఖైదీ దాక్కున్న చోటు చెప్పేస్తుంది. అప్పుడు స్కార్పియా అసలు బేరం పెడతాడు. ‘నువ్వు నాకు లొంగితే అతను బతుకుతాడు.’

దొంగ కాల్పులతో అందరి కళ్లూ కప్పి వదిలేస్తానని మాటిచ్చి, ఊరు దాటేందుకు అనుమతి పత్రం రాస్తుంటాడు. ఆ లోపు భోజనాల బల్ల మీద కత్తి టోస్కా కంటపడుతుంది. దాంతోనే అతన్ని పొడిచేస్తుంది. కానీ చచ్చినవాడి మోసం చావలేదు. తెల్లవారుజామున కోట మీద పేలిన తూటాలు నిజమైనవే. ప్రియుడు లేవడు. సైనికులు తరుముకొస్తుంటే టోస్కా కోటగోడ మీంచి దూకేస్తుంది.

కథగా చెబితే మన పాత సినిమాలా ఉంది కదూ! దీన్ని నిలబెట్టింది పుచ్చీని శ్రద్ధ. మూడో అంకంలో తెల్లవారుజామున రోమ్ చర్చిల గంటలు ఒకదాని తర్వాత ఒకటి మోగుతాయి. ఆ మోతలు నిజంగా ఎలా ఉంటాయో వినడానికి ఆయన వేకువనే ఆ కోట పైకి ఎక్కాడు. సెయింట్ పీటర్స్ చర్చి పెద్ద గంట ఏ స్వరంలో మోగుతుందో కూడా వాకబు చేసుకుని మరీ రాసుకున్నాడు.

నలుగురు మొండివాళ్లు

అలాంటి రచనకి సరితూగే మొండివాళ్లు 1953లో ఒకచోట చేరారు. మొదటివాడు వాల్టర్ లెగ్. ఇంగ్లండులోని ఈఎంఐ కంపెనీలో కొలంబియా లేబుల్ కోసం రికార్డులు తయారుచేసే నిర్మాత. మన ఇళ్లలో కుక్క బొమ్మతో తిరిగిన హెచ్‌ఎంవీ ప్లేట్లు గుర్తున్నాయా? ఆ హెచ్‌ఎంవీ, ఈ కొలంబియా 1931లో కలిసిపోయాకే ఈఎంఐ పుట్టింది. అంటే ఘంటసాల పాటలూ, కలాస్ పాటలూ ఒకే పెద్ద ఇంటి నుంచి వచ్చినవన్నమాట.

రెండోవాడు కండక్టర్ విక్టర్ ద సబాటా. ఆర్కెస్ట్రాని నడిపించే ఈయన ఒక పట్టాన తృప్తిపడే మనిషి కాదు. మూడోవాడు మనం ముందే చూసిన గొబ్బి, స్కార్పియా పాత్రధారి. ఇక నాలుగో మనిషి మరియా కలాస్. న్యూయార్క్‌లో గ్రీకు కుటుంబంలో పుట్టింది. ఏథెన్స్‌లో సంగీతం నేర్చుకుంది. పద్దెనిమిదో ఏట, 1942లోనే అక్కడ టోస్కాగా వేదికెక్కింది. రికార్డింగ్ నాటికి వయసు ఇరవై తొమ్మిది. చూపు బాగా తక్కువ. వేదిక మీద నుంచి కండక్టర్ సరిగ్గా కనిపించడు కాబట్టి పాటంతా నోటికి పట్టి, చెవితోనే నడుచుకునేది. తమాషా ఏమిటంటే, టోస్కా పాత్ర అంటే ఆవిడకి పెద్దగా ఇష్టం లేదు!

చిత్రకారుడిగా పాడింది జుసెప్పె ది స్టెఫానో. ఈ మొండివాళ్ల మధ్య ఎండ కాసినట్టు హాయిగా పాడే గొంతు.

ఆగస్టు 10 నుంచి 21 దాకా జరిగిన ఆ పనిని లెగ్ తర్వాత రోజుల్లో తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. పదకొండు రోజుల శ్రమ అన్నాడు. స్కార్పియాని చంపాక టోస్కా అతని శవాన్ని చూస్తూ, ఊరినంతా వణికించింది ఇతనేనా అన్నట్టుగా ఒక్క వాక్యం పలుకుతుంది. పాడను కూడా పాడదు, దాదాపు మాటే. ఆ ఒక్క వాక్యం కోసం కలాస్‌తో అరగంట పనిచేశారు! మైళ్ల కొద్దీ టేపు ఖర్చయింది. చివర్లో ద సబాటా, చెక్కని రత్నాల పెట్టె నీ చేతికిస్తున్నాను, కిరీటం చెయ్యడం నీ వంతు అన్న అర్థం వచ్చేలా చెప్పి, ఏరి కూర్చే పనంతా లెగ్‌కే వదిలేశాడట.

ఈ ఏరుకునే వీలు అప్పట్లో కొత్త. అంతకుముందు 78 వేగం ప్లేట్ల కాలంలో ఒక వైపు పట్టేది నాలుగైదు నిమిషాలే. టోస్కా లాంటి ఆపెరాకి డజనుకు పైగా ప్లేట్లు కావాలి. నాలుగైదు నిమిషాలకోసారి లేచి ప్లేటు తిప్పాలి. ప్రియుడు చిత్రహింసలో ఉండగా మనం ముల్లు మార్చుకుంటూ ఉండాలి! టేపు, ఎల్పీ వచ్చాక ఈ కథంతా రెండు రికార్డుల్లో ఇమిడింది. తప్పు పోయినచోట అంతవరకే మళ్లీ పాడి అతికించడమూ కుదిరింది. అయితే రికార్డింగ్ మాత్రం పాత పద్ధతి మోనోలోనే. స్టీరియోలా కుడిఎడమల తేడా వినిపించదు. అయినా రెండో అంకంలో కిటికీ అవతల ఎక్కడో టోస్కా గొంతు, ఇవతల స్కార్పియా విచారణ వింటుంటే దూరమూ దగ్గరా తెలిసిపోతాయి.

సరిగ్గా పదేళ్ల ముందు, 1943 ఆగస్టులో, ఇదే లా స్కాలా మీద బాంబులు పడ్డాయి. పైకప్పు కూలింది. తిరిగి కట్టుకుని 1946 మేలో తెరిచారు. అంత నష్టపోయిన ఊరు, మళ్లీ లేచిన గోడల మధ్య కూర్చుని ఒక్క వాక్యం కోసం అరగంట వెచ్చించిందంటే నాకు అబ్బురంగా ఉంటుంది.

అత్తయ్య విన్న టోస్కా

ఈ రికార్డు గురించి ఇలా ఊరికే ఒక వ్యాసం రాసి ఊరుకునేదాన్నేమో. మా మేనత్త వినకపోయి ఉంటే.

అత్తయ్యకి డెబ్భై ఎనిమిదేళ్లు. తెనాలిలో ఉంటుంది. పెళ్లికి ముందు, 1960ల చివర్లో, రేడియోలో లలిత గీతాలు పాడేది. అప్పట్లో చాలా కార్యక్రమాలు అక్కడికక్కడ పాడేసి వచ్చేవే. టేపు మీద ఎక్కించినా, టేపు ఖరీదు కాబట్టి అదే టేపు మీద మరొకటి ఎక్కించేవాళ్లు. ఇరవై మూడో ఏట పెళ్లయింది. వెళ్లింది పదిమంది ఉన్న ఇంటికి. ఆ తర్వాత పాడలేదు. ‘ఎవరూ పాడొద్దనలేదే. పాడమని కూడా ఎవరూ అనలేదు’ అంటుంది. ఫిర్యాదులా కూడా చెప్పదు. బియ్యం ఏరుతూ చెబుతుంది.

ఆవిడ గొంతు ఎలా ఉండేదో నాకు తెలియదు. మా నాన్న చెబుతాడు. వీధి చివరి హోటల్లో రేడియో పెడితే కాఫీ తాగేవాళ్లు గ్లాసు కింద పెట్టేవాళ్లని. నాన్న మాటే సాక్ష్యం. ఇంకే ఆధారమూ లేదు. ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

మొన్న వేసవిలో తెనాలి వెళ్లినప్పుడు ఫోన్లో టోస్కా రెండో అంకం పెట్టాను. మొదట్లో అత్తయ్య మొహం చిట్లించింది.

‘‘ఇదేంటే, పాడుతున్నారా, పోట్లాడుకుంటున్నారా?’’

‘‘రెండూను అత్తయ్యా. కథ చెప్తా విను.’’

కథ చెప్పాను. పక్కగదిలో చిత్రహింస దగ్గరికి వచ్చేసరికి చేతిలో పని పక్కన పెట్టింది. స్కార్పియా బేరం పెట్టాడు. అంతా ఆగిపోయి, టోస్కా పాట మొదలైంది. ఎవరికీ ఏ చెడూ చెయ్యలేదు, పాటే బతుకుగా బతికాను, నీ గుడికి పూలు తెచ్చాను, నగలిచ్చాను, మరి నాకెందుకు ఈ శిక్ష అని దేవుణ్ని అడిగే పాట అది. నేను అర్థం చెబుతుంటే అత్తయ్య చెయ్యెత్తి ఆగమంది. పాట అయ్యాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది...

‘‘మన రామదాసే కదే!’’

నిజమే. గోల్కొండ చెరసాలలో రామదాసు చేసింది కూడా ఇదే. ఎంత ఖర్చుపెట్టి ఏ నగ ఎవరికి చేయించాడో లెక్క చెప్పి మరీ రాముణ్ని నిలదీశాడు. ఇన్నాళ్లూ ఈ రికార్డు గురించి ఎన్నో చదివాను కానీ, ఆ పాట ఎక్కడ తగలాలో నాకు తెలిసింది ఆ నిమిషంలోనే.

‘‘చివర్లో పైకి వెళ్లి మెల్లగా దిగింది చూశావా, అక్కడ ఊపిరి దాచుకుంది. ముందే దాచుకుంది. ఎన్నేళ్లుంటాయి ఈ పిల్లకి?’’

‘‘అప్పటికి ఇరవై తొమ్మిది.’’

‘‘తర్వాత బాగా పాడిందా?’’

విరిగిన గొంతు

అత్తయ్య అడిగినదానికి జవాబు అంత సులువు కాదు. కలాస్ గొంతు ఎక్కువ కాలం నిలవలేదు. పదేళ్లు తిరిగేసరికి పై స్థాయిలో వణుకు, గరుకుదనం వచ్చేశాయి. కారణం ఏమిటన్నది ఇప్పటికీ చర్చే. చిన్న వయసులోనే బరువైన పాత్రలు పాడటం వల్లనని కొందరు, ఒక్కసారిగా బాగా సన్నబడటం వల్లనని కొందరు అంటారు. 1964 డిసెంబరులో పారిస్‌లో ఆవిడ టోస్కాని రెండోసారి రికార్డు చేసింది, ఈసారి స్టీరియోలో. స్కార్పియా మళ్లీ గొబ్బియే. కండక్టర్ మాత్రం జార్జ్ ప్రేత్ర్. 1965 జూలై 5న లండన్‌లో టోస్కాగానే ఆఖరిసారి ఆపెరా వేదిక మీద కనిపించింది. అప్పటికి నలభై ఒక్కేళ్లు. 1977లో పారిస్‌లో చనిపోయింది. యాభై మూడేళ్లే.

ద సబాటా కథా అంతే. 1953లోనే గుండెపోటు వచ్చింది. ఆ తర్వాత కండక్టర్‌గా దాదాపు తప్పుకున్నాడు. స్టూడియో పద్ధతిలో ఆయన పూర్తిగా రికార్డు చేసిన ఆపెరా ఈ టోస్కా ఒక్కటే. అంటే ఆ పదకొండు రోజులు ఇంకొంచెం ఆలస్యమై ఉంటే ఈ రికార్డు లేదు. కలాస్ ఊపిరి, ద సబాటా ఆరోగ్యం, గొబ్బి ఓపిక ఒకే నెలలో కలిసొచ్చాయి. అప్పుడు టేపు తిరుగుతోంది. అంతే.

అత్తయ్యకి 1964 రికార్డు కూడా వినిపించాను. అదే పాట. పైకి వెళ్లినచోట గొంతు తెగేలా ఊగింది. అత్తయ్య కళ్లు మూసుకుంది.

‘‘పోయిందే గొంతు. అయినా ఎలా పాడిందో చూడు. దాచుకోలేదు’’ అంది.

అదే అదనుగా ఫోన్ ఆవిడ ముందు పెట్టాను. ‘‘నువ్వు కూడా ఒకటి పాడు అత్తయ్యా.’’

‘‘ఇప్పుడేం పాడతానే! పళ్లు కూడా సరిగా లేవు.’’

‘‘ఆవిడ పాడలేదా?’’

కాసేపు నసిగింది. మంచినీళ్లు తాగింది. ఫ్యాన్ ఆపమంది. రేడియోలో పాడిన ఒక పాట ఎత్తుకుంది. రెండో చరణంలో ఊపిరి అందక ఆగిపోయింది. నేను బాగుందని చెప్పబోయాను. ఆవిడ వినిపించుకోలేదు.

‘‘అది తీసెయ్. మళ్లీ మొదట్నుంచి.’’

మళ్లీ పాడింది. మధ్యలో కుక్కర్ కూత వేసింది. మళ్లీ. ఈసారి మాట తడబడింది. మళ్లీ. నాలుగోసారి పల్లవి దగ్గరే ఆపేసి, శ్రుతి తగ్గించుకుని, పెదవులు కదుపుతూ లోపల్లోపల ఒకసారి పాడుకుంది. ముసలావిడ ముచ్చటపడి పాడుతున్నట్టు లేదు. గోడ అవతల ఎర్రదీపం వెలిగి ఉన్నట్టే కూర్చుంది. యాభై ఏళ్లకు పైగా ఆపేసిన మనిషి మర్చిపోయిందని అనుకున్నాం మేమంతా. ఆవిడ పాట ఆపింది కానీ, బాగా పాడటమంటే ఏమిటో మర్చిపోలేదు.

ఆరోసారి పూర్తయింది. నాన్న చెప్పిన గొంతు అది కాదు. కింది స్వరాల్లో బొంగురు, పై స్వరాల్లో గాలి. కానీ ఒక మలుపు దగ్గర, ఒకే ఒక్క చోట, కాఫీ గ్లాసులు ఎందుకు కింద పెట్టేవాళ్లో నాకు తెలిసింది.

‘‘ఆరోది ఉంచు. మిగతావన్నీ చెరిపెయ్’’ అంది.

నేను చెరపలేదు. ఆరూ ఉంచాను. లెగ్ అయితే మంచి ముక్కలు ఏరి ఒక్కటిగా అతికించేవాడు. అది ఆయన పని. నాకు ఆవిడ ‘మళ్లీ మొదట్నుంచి’ అనడం కూడా కావాలి. కుక్కర్ కూతతో సహా.

మీరూ వినాలంటే...

ఈఎంఐ వారి ఈ రికార్డులు 2013లో వార్నర్ చేతికి వెళ్లాయి. మరుసటి ఏడాదే కలాస్ స్టూడియో రికార్డులన్నీ శుభ్రం చేసి మళ్లీ విడుదల చేశారు. ఇప్పుడు ఫోన్లో వెతికితే తేలిగ్గానే దొరుకుతుంది. గంటా ముప్పావు పైచిలుకు నిడివి. అంతా ఒకేసారి వినాలని లేదు. మొదట్లో ఏ ఉపోద్ఘాతమూ లేకుండా పిడుగులు పడ్డట్టు ఆర్కెస్ట్రా మోతలు వినిపిస్తాయి. అది స్కార్పియా గుర్తు. మనిషి ఇంకా రాడు, భయం ముందే వచ్చేస్తుంది. దాన్ని గుర్తుపెట్టుకుని రెండో అంకంలోకి వెళ్లండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే పక్కన కూర్చోబెట్టుకుని, కథ ముందుగా చెప్పి వినిపించండి. భాష అడ్డు రాదు.

విన్నాక ఫోన్ అక్కడే ఉంచండి. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఉంటారు. ఒకప్పుడు హరికథ చెప్పినవాళ్లు, భజనలో ముందుపాట పాడినవాళ్లు, నాట్లలో పదం ఎత్తుకున్నవాళ్లు, పెళ్లిళ్లలో అప్పగింతల పాటకి ఊరంతా పిలిచినవాళ్లు. ఇప్పుడేం పాడతాం అంటారు. ఒకటికి రెండుసార్లు అడగండి. ఫ్యాన్ ఆపడం మర్చిపోకండి.